అరిగిపోయిన స్టీరింగ్‌కి కొత్త తోలు: విప్పడం నుంచి ఆఖరి ముడి దాకా

మా కారు స్టీరింగ్ మీద నా చేతులు ఎప్పుడూ ఆనే రెండు చోట్ల తోలు మొదట నిగనిగలాడింది. తర్వాత గరుకెక్కింది. ఆ తర్వాత గోరు తగిలిన చోటల్లా పొట్టు లేచింది. ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా ఎన్ని సిగ్నళ్లున్నాయో మీకు తెలుసు. ఆగిన ప్రతిచోటా బొటనవేలు దానంతటదే ఆ పొట్టు గీకడం అలవాటైపోయింది. ఒకరోజు ఆఫీసులో చూసుకుంటే అరచేతి నిండా నల్ల రవ్వలు, తెల్ల చొక్కా కఫ్ మీద కూడా. ఆ ఆదివారమే పని మొదలుపెట్టాను.

అదే స్టీరింగ్‌ని నేను రెండుసార్లు కుట్టాను. మొదటిసారి ముడతలు పడి, మూడు వారాల్లో తోలు వదులై చేతిలో జారింది. రెండోసారి కుట్టింది ఇప్పటికీ ఉంది. ఈ రెండింటి మధ్య నా చేతి నైపుణ్యం పెద్దగా పెరగలేదు. మొదటిసారి తోలుని సరిగ్గా కొలతకి కత్తిరించాను, రెండోసారి కొలతకన్నా చిన్నగా కత్తిరించాను. తేడా అంతే. కింద రాసిందంతా ఆ చిన్నదనం ఎంత, ఎక్కడ, ఎందుకు అన్న లెక్క చుట్టూనే తిరుగుతుంది.

కుట్టాలా, రంగు వేస్తే చాలా?

ముందు ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల బేబీ షాంపూ, మెత్తటి గుడ్డ తీసుకుని స్టీరింగ్‌ని బాగా తుడవండి. గుడ్డ నల్లబడినకొద్దీ మార్చండి. అరిగిపోయిందనుకున్న నిగనిగ చాలాసార్లు అరుగుదల కాదు, ఏళ్లతరబడి చేతి జిడ్డు, చెమట, తలనూనె కలిసి పేరుకున్న పొర. అది పోయాక మామూలు తోలు బయటపడితే మీ పని అయిపోయినట్టే.

పైన రంగు మాత్రం పోయి, కింద తోలు గట్టిగానే ఉంటే కుట్టక్కర్లేదు. తోలుకి వేసే నీటి ఆధారిత రంగు, పైన మ్యాట్ పూత వేస్తే సరిపోతుంది. పొట్టు ప్లాస్టిక్ పొరలా రేకులు రేకులుగా లేస్తూ కింద గుడ్డ నేత కనిపిస్తే అది అసలు తోలే కాదు, పీయూ అనే రెక్సిన్ జాతి. దానికి రంగు నిలవదు. తోలు చీరినా, కుట్లు తెగినా, లోపలి ఫోమ్ గుంటలు పడినా కూడా కొత్త తోలు తప్పదు.

పైనుంచి తొడిగే రెడీమేడ్ కవర్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: వదులుగా ఉన్న కవర్ మలుపులో చక్రం మీద తిరుగుతుంది, చక్రం తిరగదు. నాకు దాని మీద నమ్మకం లేదు.

తోలు, దారం, మిగతా సరంజామా

తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. చక్రం పట్టుకి, అంటే చేత్తో పట్టుకునే గుండ్రటి భాగానికి, చుట్టూ పట్టేది ఒకటింబావు చదరపు అడుగుకి మించదు. పట్టుని మధ్య భాగంతో కలిపే అడ్డకమ్ముల మీదికి వచ్చే తోలు కొసలు (నాలుకలు), వృథా, ఒక ముక్క పాడైతే మళ్లీ కోసుకోవడానికి అన్నీ కలిపి మూడు అడుగులు తీసుకోండి. మందం 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. సోఫాలకి వాడే మందపాటి తోలు చవగ్గా దొరికిందని తెస్తే, తోలు అంచుని కుక్కే గాడుల్లోకి దూరదు, మలుపు దగ్గర ముడుచుకుంటుంది. జాకెట్లకి వాడే మెత్తటి తోలు చేతికి హాయిగా ఉంటుంది కానీ, ఎండకీ చెమటకీ తొందరగా రంగు వదులుతుంది. కారు సీట్లకని తయారైన, పైన రంగు పూత ఉన్న క్రోమ్ తోలు అడగండి. మన దగ్గర దొరికే మంచి తోలు చాలావరకు తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట వైపు తోళ్ల పరిశ్రమల్లో తయారయ్యేదే. కారు సీట్లు కుట్టే షాపుల్లో మిగిలిన ముక్కలు అడిగితే స్టీరింగ్‌కి సరిపడేంత ఒక్కోసారి చవగ్గానే వచ్చేస్తుంది. చిల్లులున్న తోలు చూడ్డానికి బాగుంటుంది, చెమట కూడా తక్కువ తెలుస్తుంది. కానీ లాగినప్పుడు చిల్లు దగ్గరే చీలుతుంది. మొదటిసారి చేస్తుంటే నున్నటిదే తీసుకోండి.

దారం మైనం పట్టించిన పాలిస్టర్, 0.8 మిల్లీమీటర్లు. నూలు దారం ఎంత లావుదైనా వద్దు, చెమటకి కుళ్లిపోతుంది. మొన కోసుగా లేని మొండి సూదులు రెండు. ఎందుకు మొండివో కుట్టు దగ్గర చెబుతాను. ఇవికాక గుడ్డ టేపు కొలత, మాస్కింగ్ టేపు, వంటింట్లో గిన్నెల మీద చుట్టే క్లింగ్ ఫిల్మ్, పదునైన కట్టర్, 120, 240 నంబర్ల గరుకు కాగితం, హెయిర్ డ్రయ్యర్, సన్‌మైకా అంటించడానికి వడ్రంగులు వాడే ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 చిన్న డబ్బా కావాలి. పనిముట్లకి రాణిగంజ్, చిల్లర సామానుకి బేగంబజార్ వెళ్తే ఒక పూటలో పని అయిపోతుంది. ఆదివారం మాత్రం వెళ్లకండి, సగం షట్టర్లు మూసే ఉంటాయి.

చెప్పులు కుట్టే పెద్దాయన ఎవరైనా మీకు పరిచయం ఉంటే, ఆయన ఆరె (తోలుకి చిల్లు పొడిచేది), రంపె (తోలు కోసే కత్తి) పట్టుకునే తీరు పావుగంట కూర్చుని చూడండి. తోలు అంచుని లోపలివైపు నుంచి పల్చగా చెక్కడం వీడియోల్లో చూసిన దానికన్నా అక్కడే బాగా అర్థమవుతుంది. నాకు మా వీధి చివర కూర్చునే తాతే నేర్పాడు. "కత్తిని నొక్కకు బిడ్డా, తోలునే కత్తికి అందియ్యి" అన్నాడు. వినగానే అర్థం కాలేదు. నాలుగు ముక్కలు పాడుచేశాక అర్థమైంది.

ఎయిర్‌బ్యాగ్: ఇక్కడ మాత్రం సాహసాలొద్దు

మన దేశంలో 2019 జులై 1 తర్వాత తయారైన ప్రతి కారులోనూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంతకుముందు కార్లలోనూ చాలావాటికి ఉంది. అంటే మీ స్టీరింగ్ మధ్యలో, హారన్ కింద, మందుగుండుతో పేలే పరికరం ఉంది. నా సలహా సూటిగా చెబుతాను: ఎయిర్‌బ్యాగ్ విప్పడం, చక్రం ఊడదీయడం, తిరిగి బిగించడం తెలిసిన మెకానిక్‌తో చేయించుకోండి. తోలు పని మీరు చేయండి. నేనూ అలాగే చేశాను. ఆయన చేస్తున్నప్పుడు పక్కనుండి చూడాల్సినవి ఇవి.

మొదట కారు ముందువైపు చక్రాలు తిన్నగా ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీశాక వెంటనే పని మొదలుపెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కొంత విద్యుత్తు నిలవ ఉంటుంది, అది దిగడానికి ఆగాలి. ఎంతసేపన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. నేను పది నిమిషాలకి తక్కువ ఎప్పుడూ ఒప్పుకోను, చాయ్ తాగి రావడానికి సరిపోతుంది. విప్పే ముందు కారు బాడీ ఇనుముని ఒకసారి చేత్తో తాకాలి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిలో మల్టీమీటర్ పుల్లలు పెట్టి చూసే మేధావులుంటారు, ఆపండి. బయటికి తీసిన ఎయిర్‌బ్యాగ్‌ని ముఖం పైకి ఉండేలా, ఎండ తగలని చోట, పిల్లలకి అందకుండా పెట్టాలి. బోర్లా పెడితే, ఖర్మకాలి పేలినప్పుడు మొత్తం పైకి ఎగురుతుంది.

మధ్య నట్టు వదులు చేశాక పూర్తిగా తీసేయకుండా నాలుగు చుట్లు ఉంచి చక్రాన్ని లాగాలి. లేకపోతే అది ఒక్కసారిగా ఊడి మూతికి తగులుతుంది. అంతకన్నా ముఖ్యం, చక్రానికీ లోపలి కడ్డీకీ కలిపి ఒక తెల్ల గీత గీయాలి. ఇంట్లో గోళ్ల రంగు ఉన్నా చాలు. ఈ గీత విలువ నాకు చివర్లో తెలిసింది. చక్రం వెనక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో చుట్టగా చుట్టిన పల్చటి పట్టీ తీగ ఉంటుంది, క్లాక్ స్ప్రింగ్ అంటారు. అది తిరగకుండా టేపు వేసేయాలి. అది ఒక్క చుట్టు తప్పినా, తర్వాత స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు తెగుతుంది, హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పోతాయి.

ఇంకొక్కటి. మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగ్ మూత మీద తోలు అంటించాలని ఎవరికైనా అనిపిస్తుంది, మ్యాచింగ్ కోసం. వద్దు. ఆ మూత లోపలివైపు ఒక గీత వెంబడి పల్చగా ఉంటుంది, పేలినప్పుడు అక్కడే చిరగాలి. దాని మీద తోలు వేస్తే అది సమయానికి చిరగదు. వేడెక్కే స్టీరింగ్ ఉన్న కార్లు, చేయి పట్టుకున్నారో లేదో చక్రం పట్టులోనే పసిగట్టే సెన్సర్ ఉన్న కార్లు కూడా ఇంటి పనికి పనికిరావు.

పాత తోలు ఊడదీయడం

చక్రం చేతికొచ్చింది. కత్తి పట్టుకునే ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. ముఖ్యంగా తోలు అంచు ఏ గాడిలోకి దూరింది, అతుకులు ఎక్కడున్నాయి, అడ్డకమ్మి మీద నాలుక ఎంత దూరం వచ్చింది అన్నవి. తెల్ల పెన్నుతో ప్రతి ముక్క మీద పై, కింద, ఎడమ, కుడి అని రాసి, అతుకు ఉన్నచోట ఫోమ్ మీద కూడా గుర్తు పెట్టండి.

తర్వాత లోపలి అంచు వెంట ఉన్న చేతికుట్టు దారాన్ని మాత్రం కోయండి, తోలుని కాదు. గాడుల్లో ఉన్న అంచుల్ని మొండి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపండి. జిగురు పట్టుకుంటే హెయిర్ డ్రయ్యర్ వేడి చూపించి లాగండి. తొందరపడి పీకితే ఫోమ్ కూడా తోలుతో పాటు వచ్చేస్తుంది. అదే జరిగింది నాకు, కుడివైపు చింతగింజంత గుంట పడింది. బంపర్లకి వాడే, కాస్త సాగే గుణమున్న ఫిల్లర్ పెట్టి, ఆరాక 120తో, తర్వాత 240తో రుద్దాను. కళ్లు మూసుకుని చేత్తో తడిమి చూడండి. కంటికి కనపడని గుంట వేళ్లకి తెలుస్తుంది, పల్చటి తోలు దాన్ని దాచదు.

పట్టు లావుగా ఉంటే బాగుంటుందని కొందరు కింద ఫోమ్ పొర వేస్తారు. వేసుకోవచ్చు కానీ ఒక లెక్క గుర్తుంచుకోండి: 1 మిల్లీమీటరు పొర వేస్తే పట్టు చుట్టుకొలత 6 మిల్లీమీటర్లకి పైగా పెరుగుతుంది. నమూనా ఆ పొర వేశాకే తీయాలి.

నమూనా: రోజంతా పట్టినా ఫరవాలేదు

పాత ముక్కల్నే నమూనాగా పెట్టి కోస్తే పోలా అని మొదటిసారి అనుకున్నాను. పదేళ్లు చేతుల కింద నలిగిన తోలు అప్పటికే సాగిపోయి ఉంది. దాని సైజుకి కొత్త తోలు కోస్తే, ఆ కొత్త తోలు కూడా సాగి, అత్త చీర కోడలికి చుట్టినట్టు తయారైంది. పాత ముక్కలు ఆకారం చూసుకోవడానికి, నాలుక వంపు తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి.

కొత్త నమూనా ఇలా తీయండి. చక్రం మీద క్లింగ్ ఫిల్మ్ ముడతలు లేకుండా చుట్టండి. దాని మీద మాస్కింగ్ టేపు చిన్న చిన్న ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి సగం పడేలా, రెండు పొరలు అంటించండి. పెన్నుతో లోపలి అంచు వెంట కుట్టు గీత, ఫోమ్ మీద పెట్టుకున్న గుర్తుల్ని బట్టి అతుకు గీతలు, నాలుకల అంచులు గీయండి. ప్రతి 5 సెంటీమీటర్లకి కుట్టు గీతని దాటుతూ ఒక అడ్డగీత కూడా గీయండి. రేపు తోలు మీద రెండు అంచులు ఎదురెదురుగా రావాలంటే ఇవే దిక్కు. ఇప్పుడు గీతల వెంట కట్టర్‌తో కోస్తే చక్రం ఆకారంలో నాలుగు డొప్పలు వస్తాయి.

ఆ డొప్పల్ని బల్ల మీద పరిచి చదును చేయబోతే కుదరదు. ఈ పనిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. నా చక్రం కొలతలతో చూడండి. బయటి వ్యాసం 370 మిల్లీమీటర్లు, పట్టు మందం 30. అంటే బయటి అంచు చుట్టుకొలత 1162, లోపలి అంచు చుట్టుకొలత 974. నాలుగో వంతు ముక్కకి బయట 290, లోపల 243. ఒకే ముక్కకి నడుము, అంటే చక్రం బయటి అంచు మీదికొచ్చే మధ్య భాగం, 290 పొడవు, లోపలివైపు కలిసే రెండు అంచులేమో 243 పొడవు ఉండాలి. చదునైన తోలుకి ఇది అసాధ్యం. 47 మిల్లీమీటర్ల తేడాని ఎక్కడో సర్దాలి. నడుముకి సరిపోయేలా 290 కోస్తే అంచుల్లో తోలు మిగిలిపోయి లోపలివైపు ముడతలు పడతాయి. నా మొదటి చక్రం కథ అదే.

నేను రెండోసారి 275 కోశాను. నడుము దగ్గర తోలు 15 మిల్లీమీటర్లు సాగింది, అంటే నూటికి ఐదు వంతులు. మంచి తోలు అంత హాయిగా సాగుతుంది. అంచుల్లో మిగిలిన 32 మిల్లీమీటర్లు కుట్లలో పంచాను. ముక్కకి 55 కుట్లు, ఒక్కో కుట్టుకి అర మిల్లీమీటరు పైచిలుకు. కుట్టు బిగించినప్పుడు ఆ అర మిల్లీమీటరు కంటికి కనపడకుండా కూర్చుంటుంది.

వెడల్పులో కూడా తగ్గించాలి. పట్టు చుట్టూ కొలిస్తే 94 వచ్చింది, నేను 90 కోశాను. తోలు తొడిగినప్పుడు రెండు అంచుల మధ్య 3, 4 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. ఆ సందుని కుట్టు మూస్తుంది. సందు లేకుండా అంచులు ముందే కలిసిపోతే కుట్టుకి లాగడానికేమీ ఉండదు, నెల తిరక్కుండా వదులవుతుంది. సందు 6 మిల్లీమీటర్లు దాటితే దారం తెగుతుంది, లేదా అంచు చిరుగుతుంది.

మీ చక్రం అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క ఇదే. డొప్ప నడుము పొడవులో నూటికి ఐదు తగ్గించి, వెడల్పులో 4 మిల్లీమీటర్లు తగ్గించి, మందపాటి కాగితం మీదికి ఎక్కించండి. పాత గుడ్డ రెక్సిన్ ఏదైనా ఉంటే ఒక ముక్క కోసి చక్రం మీద టేపుతో పెట్టి చూడండి. అసలు తోలు మీద కత్తి పెట్టేది ఆ తర్వాతే.

కోత, మిషన్ కుట్టు

తోలు అన్ని వైపులా ఒకేలా సాగదు. వెనకవైపు 10 సెంటీమీటర్ల గీత నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీసి, రెండు చేతులతో లాగి చూడండి. ఎక్కువ సాగే దిశ చక్రం పొడవు వెంట రావాలి. తక్కువ సాగే దిశ పట్టు చుట్టూ రావాలి. తిరగేస్తే నడుము సాగక ఏడిపిస్తుంది, చుట్టూ మాత్రం కొన్నాళ్లకి సాగి వదులవుతుంది. దోమకాట్లు, మచ్చలు, పొట్టభాగంలోని వదులు తోలు తప్పించి నమూనాలు పేర్చుకోండి. అతుకుల వైపు మాత్రం 5 మిల్లీమీటర్లు అదనంగా వదిలి, ఆ అంచుని లోపలివైపు నుంచి సగం మందానికి చెక్కండి.

మిషన్ పని రెండు రకాలు. ఒకటి, నాలుగు ముక్కల్ని అతికి గుండ్రటి పట్టీలా చేయడం. రెండు, ఆ పట్టీ రెండు అంచుల వెంటా, అంచుకి 3 మిల్లీమీటర్ల లోపల, 5 మిల్లీమీటర్ల కుట్టుతో ఒక్కో వరస వేయడం. ఇంట్లో జాకెట్లు కుట్టే మిషన్‌కి ఇది కాని పని. సీటు కవర్లు కుట్టే షాపుకి తీసుకెళ్లండి, పదిహేను నిమిషాల పని. ఖాళీ అంచు మీద వరస వేయమంటే వాళ్లు వింతగా చూస్తారు. నాకు కుట్టిచ్చిన ఆయన, "ఏందన్నా, ఉత్త తోలుకు కుట్టేస్తే అది దేన్ని పట్టుకుంటది?" అన్నాడు. చేతికుట్టు దారం తోలుని పొడవకుండా ఈ మిషన్ దారం కిందనుంచి పోతుందని చూపించాక, "అచ్ఛా, గాజులకు దారం జుట్టినట్టు" అని ఆయనే మిగతా సంగతి పట్టేశాడు. పొడిస్తే ఏమవుతుందంటే, లాగిన ప్రతిసారీ చిల్లు పెద్దదవుతుంది. అందుకే సూది మొండిది కావాలన్నాను. కోసుగా ఉంటే మిషన్ దారాన్నే చీల్చుకుంటూ పోతుంది.

షాపు నుంచి కదిలే ముందు అక్కడే నిలబడి రెండు అంచుల కుట్లూ లెక్కపెట్టండి, అతుకు నుంచి అతుకు దాకా. రెండువైపులా ఒకే సంఖ్య రావాలి. నాకు ఒక ముక్కలో ఒకవైపు 55, ఇంకోవైపు 57 వచ్చాయి. రెండు కుట్లే కదా, సర్దుకుంటుందిలే అనుకుని ఇంటికొచ్చాను. సర్దుకోలేదు. చివరికొచ్చేసరికి ఒక అంచు పాములా వంకర తిరిగింది. గంటన్నర కుట్టినదంతా విప్పి మళ్లీ షాపుకి పరిగెత్తాను.

అతుకుల వెనక ఉన్న చెక్కిన అంచుల్ని రెండువైపులకీ తెరిచి, జిగురుతో అణచండి. లేదంటే ఆ ఉబ్బు అరచేతికి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది.

తొడగడం

పట్టీ చక్రానికన్నా చిన్నది కాబట్టి మొదట ఎక్కదు, భయపడకండి. తోలు లోపలివైపు తడిగుడ్డతో కాస్త చెమ్మ చేయండి. చెమ్మ మాత్రమే, తడపకూడదు. పై అతుకుల్ని గుర్తుల దగ్గర కూర్చోబెట్టి, చక్రాన్ని ఒళ్లో ఆనించుకుని, సైకిల్ టైరు రిమ్ముకి ఎక్కించినట్టు రెండు చేతుల బొటనవేళ్లతో కిందికి తోసుకుంటూ రండి. ఆఖరి జానెడు దగ్గర ఇంకొకరి చేతులు కావాలి. ఎక్కాక నాలుగు అతుకులూ వాటి గుర్తుల మీద ఉన్నాయో లేదో చూసి, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది గంటల స్థానాల్లో తాత్కాలికంగా దారంతో ముడేయండి. తర్వాత వాటి మధ్య ప్రతి 5 సెంటీమీటర్ల గుర్తు దగ్గరా ఒక ముడి. అంచులు ఎదురెదురుగా నిలబడ్డాయంటే సగం గెలిచినట్టే.

జిగురు పట్టు మొత్తం పూసేవాళ్లున్నారు. నేను పూయను. మే నెలలో మన ఎండకి తలుపులు మూసి నిలబెట్టిన కారులో జిగురు మెత్తబడుతుంది, తోలుని నిలబెట్టాల్సింది కుట్టు. నాలుకల కింద, గాడుల్లో మాత్రం పూస్తాను, అదీ చేతికుట్టు అయ్యాకే.

చేతికుట్టు

బేస్‌బాల్ కుట్టు అంటారు, బంతి మీద కనిపించే వి ఆకారాల వరస. కుట్టాల్సిన పొడవుకి ఆరు రెట్ల దారం తీసుకోండి. పావు చక్రానికి మీటరున్నర. రెండు కొసలకీ రెండు సూదులు. అడ్డకమ్మి దగ్గర మొదలుపెట్టి, మొదటి కుట్టులో దారం రెండువైపులా సమానంగా వచ్చేలా లాగండి.

ఇప్పుడు ఎడమ సూదిని సందు దాటించి, తోలుని పొడవకుండా, కుడివైపు తర్వాతి మిషన్ కుట్టు దారం కిందనుంచి తీయండి. కుడి సూదిని అలాగే ఎడమవైపు మిషన్ కుట్టు దారం కిందనుంచి. ఒక జత అయింది. ప్రతిసారీ ఎడమదే ముందు వెళ్లాలి. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి ముందు వెళ్తే వి ఆకారాలు అటొకటి ఇటొకటిగా పడి, దూరం నుంచి కూడా తెలిసిపోతుంది.

ప్రతి జతకీ గట్టిగా లాగకండి. నాలుగు జతలు వదులుగా వేసి, వెనక్కి వచ్చి ఒక్కోదాన్నీ వరసగా బిగించుకుంటూ రండి. దారాన్ని తోలుకి నిట్టనిలువుగా పైకి లాగితే మిషన్ దారం తెగే ప్రమాదం ఉంది. కుట్టు సాగే దిశలో, పక్కకి లాగండి. పది కుట్లకోసారి రెండువైపులా లెక్క సరిచూసుకోండి. తాత్కాలిక ముడి దగ్గరికి రాగానే దాన్ని కోసేయండి. చిటికెనవేలికీ చూపుడువేలికీ ముందే టేపు చుట్టుకోండి, నేను చుట్టుకోక రెండ్రోజులు అన్నం కలుపుకోలేకపోయాను.

పూర్తి చక్రానికి సుమారు 220 కుట్లు, రెండు సూదులకి 440 సార్లు లాగడం. ఒక్క కూర్చోవడంలో చేయాలనుకోవద్దు. అలసిన చేయి బిగింపు తగ్గుతుంది, ఆ తేడా కుట్టులో కనిపిస్తుంది. పావు చక్రం అయ్యాక లేవండి. చివర మూడు కుట్లు వెనక్కి కుట్టి, ముడి లోపలికి దూర్చి, కొస కోయండి.

నాలుకలు, గాడులు

అడ్డకమ్మి మీదికొచ్చే తోలు అంచుని రెండు సెంటీమీటర్ల మేర పల్చగా చెక్కి, తోలుకీ ఫోమ్‌కీ రెంటికీ జిగురు పూసి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వండి. ఎండాకాలం ఐదారు నిమిషాలు చాలు, వానాకాలం పావుగంట పైనే. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో గ్యాస్ స్టవ్ వెలగకూడదు. తర్వాత లాగి అంటించి, అంచుని మొండి పనిముట్టుతో గాడిలోకి కుక్కండి. నా దగ్గర ఆ పనిముట్టు లేదు, ఐస్‌క్రీమ్ పుల్ల వాడాను. గాడిలో పాతదానికి సన్నటి ప్లాస్టిక్ త్రాడు ఉంటే అదే తిరిగి పెట్టండి.

చివరగా హెయిర్ డ్రయ్యర్ ఒక జానెడు దూరం నుంచి, ఆపకుండా కదుపుతూ చుట్టూ చూపించండి. చెమ్మ ఆరుతున్నకొద్దీ తోలు బిగుస్తుంది, చిన్న అలలుంటే పోతాయి. పెయింట్ లేపే హీట్ గన్ వద్దు, తోలు క్షణంలో ముడుచుకుని గట్టిపడుతుంది. ఒక రాత్రంతా నీడలో ఆరనివ్వండి.

తిరిగి బిగించాక

రెండోసారి చక్రం బిగించింది ఇంకో షాపులో. తెల్ల గీత నేను పెట్టాను, బిగించినాయన చూసుకోలేదు. కడ్డీ మీద పళ్లుంటాయి, ఒక్క పన్ను పక్కకి కూర్చోబెట్టాడు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక కారు తిన్నగా పోతోంది, స్టీరింగ్ మాత్రం కుడికి వంగి చూస్తోంది. అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుందని చెప్పి పంపబోయారు. అలైన్‌మెంట్‌కీ దీనికీ సంబంధం లేదు, మళ్లీ బ్యాటరీ తీగ తీసి, పది నిమిషాలు ఆగి, విప్పి, గీతలు కలిపి బిగిస్తేనే కుదిరింది. నట్టుని కారు మాన్యువల్‌లో ఉన్న బిగింపుకి టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి.

బ్యాటరీ కలిపేటప్పుడు కారులో ఎవరూ కూర్చోకూడదు. ఆన్ చేయగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. ఆరకుండా ఉండిపోతే కారు కదపకుండా మెకానిక్‌ని పిలవండి. హారన్, మలుపు అయ్యాక ఇండికేటర్ మీట దానంతటదే వెనక్కి రావడం, స్టీరింగ్ మీద మీటలు, అన్నీ ఖాళీ చోట చూసుకోండి. స్టీరింగ్‌ని రెండువైపులా చివరిదాకా తిప్పినప్పుడు లోపల గరగర శబ్దం రాకూడదు.

తర్వాత చేయాల్సింది తక్కువే. నెలకోసారి తడిగుడ్డ. డ్యాష్‌బోర్డు మెరిపించే స్ప్రేలు స్టీరింగ్ మీద పడనీయకండి, చేయి జారుతుంది. శానిటైజర్ రాసుకుంటే చేతులు ఆరేదాకా ఆగండి, ఆల్కహాల్ పూతని తినేస్తుంది. ఎండలో నిలిపితే అద్దానికి సన్‌షేడ్ పెట్టండి, లేకపోతే కనీసం స్టీరింగ్ మీద పాత తువ్వాలు కప్పండి. లేత రంగు తోలు వేయించుకున్నవాళ్లు దసరాకి బండి పూజలో బొట్టు పెట్టేవాళ్లని ముందే పట్టుకోవాలి. పసుపు మరక తోలు మీదినుంచి పోవడం కష్టం. మా అమ్మకి ముందే చెప్పాను కాబట్టి ఆవిడ బొట్టు హారన్ మూత మీద పెట్టింది, నిమ్మకాయ మాత్రం మామూలుగానే టైరు కింద.